అలర్జీ సూదులకు మూడేళ్ల కార్డు ఇవ్వండి

సంపాదకుడు గారికి,

మా అబ్బాయికి ఎనిమిదో ఏట నుంచి తుమ్ములు. తెల్లవారి దుప్పటి తీయగానే మొదలై పదిహేను, ఇరవై దాకా ఆగేవి కావు. రాత్రంతా ముక్కు దిబ్బడ, నోరు తెరుచుకునే నిద్ర. సిట్రిజిన్ వేస్తే తగ్గేది, మానితే మళ్లీ మామూలే. చుట్టుపక్కల వాళ్లు ‘జలుబే కదా’ అనేవారు. చివరికి ఒక స్పెషలిస్టు వాడి ముంజేతి మీద వరసగా చుక్కలు వేసి, ఒక్కో చుక్కలో సూదిమొనతో గుచ్చారు. పావుగంటలో ఒకచోట రూపాయి బిళ్లంత దద్దురు లేచింది. పరుపుల్లో, దిండ్లలో ఉండే డస్ట్ మైట్ అనే కంటికి కనిపించని పురుగు వాడికి పడదన్నమాట.

ఇమ్యునోథెరపీ మొదలుపెట్టారు. పడని పదార్థాన్నే రవ్వంత ఇచ్చి, మెల్లగా మోతాదు పెంచి ఒంటికి అలవాటు చేసే వైద్యం ఇది. మొదట వారం వారం సూది, తర్వాత నెలకొకటి. అరుదుగానైనా ఒళ్లంతా రియాక్షన్ వచ్చే ప్రమాదం ఉంది కనుక వేసిన ప్రతిసారీ అరగంట అక్కడే కూర్చోబెట్టేవారు. ఇంటి దగ్గర ఎవరితోనో వేయించుకునే సూది కాదిది.

ఏడాదికి తుమ్ములు పోయాయి. ఖర్చు భారమై మానేశాం. ఎన్నాళ్లు వాడాలో మాకెవరూ చెప్పలేదు. ఆరు నెలల్లో కథ మొదటికొచ్చింది.

కనీసం మూడేళ్లు వాడాలని తర్వాత తెలిసింది. గడ్డి పుప్పొడి అలర్జీకి మూడు నాలుగేళ్లు సూదులు వాడి ఆపేసిన వాళ్లకు, ఆపాక మరో మూడేళ్లు కూడా ఉపశమనం నిలిచిందని లండన్ పరిశోధకులు 1999లోనే చూపించారు. 2017లో వచ్చిన మరో అధ్యయనంలో రెండేళ్లకే ఆపిన వాళ్లకు, ఇంకో ఏడాది తిరిగేసరికి ఉత్తుత్తి మందు వాడిన వాళ్లతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మాలా మధ్యలో మానేసిన వాళ్ల డబ్బు, ఓపిక రెండూ వృథా అయినట్టే.

మూడేళ్లంటే మన జనం వెనకాడతారా? మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేపమందు కోసం ముందు రాత్రి నుంచే పిల్లల్ని ఎత్తుకుని క్యూ కట్టే తల్లులను చూడండి. ఓపికకు కొదవ లేదు. లేనిది డబ్బు. మా ఆరోగ్య బీమా పాలసీ అయితే ఆసుపత్రిలో చేరితే తప్ప పైసా ఇవ్వదు.

కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రిలో, ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలో ఈ వైద్యం మొదటి సూది నుంచి చివరిదాకా ఉచితంగా అందేలా ప్రభుత్వం చూడాలి. తేదీ తప్పితే ఫోన్ చేసి పిలవాలి. చంటిపిల్లల టీకాల కార్డులాగే, మూడేళ్ల తేదీలు రాసిన కార్డును మొదటి రోజే రోగి చేతికివ్వాలి.

– ఒక తల్లి, రామంతాపూర్, హైదరాబాద్