కాల్విన్ పేరూ చెప్పండి

సంపాదకులకు,

అమెరికా పౌరహక్కుల ఉద్యమం గురించి ఎవరు రాసినా అలబామా రాష్ట్రంలోని మాంట్‌గోమరీలో బస్సు సీటును తెల్లవారికి వదలనన్న నల్లజాతి మహిళ రోజా పార్క్స్‌తోనే మొదలుపెడతారు. ఆమెపై నాకు ఎంతో గౌరవం. కానీ ఆ ఘటనకు తొమ్మిది నెలల ముందే, 1955 మార్చి 2న, అదే మాంట్‌గోమరీ నగరంలో పదిహేనేళ్ల నల్లజాతి బడిపిల్ల క్లాడెట్ కాల్విన్ బస్సులో తెల్లవారికి సీటు వదలనని భీష్మించుకుని కూర్చుంది. పోలీసులు ఆమెను కిందికి లాగి బేడీలు వేశారు. బానిసత్వంపై పోరాడిన నల్లజాతి మహిళలు హారియట్ టబ్‌మన్ ఒక భుజాన్ని, సోజర్నర్ ట్రూత్ మరో భుజాన్ని అదిమి కూర్చోబెట్టినట్టు అనిపించిందని తర్వాత చెప్పింది. వారి చరిత్రను అప్పుడప్పుడే బడిలో చదువుకుంది మరి!

ఉద్యమ పెద్దలు ఆమెను ముందు నిలపలేదు. చిన్నపిల్ల, పేదింటిది, ఆపై పెళ్లికాకుండానే గర్భవతి అయింది. పార్క్స్‌తో పోలిస్తే తన చర్మం నలుపు కావడమూ ఒక కారణమని కాల్వినే చెప్పింది. నల్లవారి గౌరవం కోసం సాగిన పోరాటంలోనూ ఛాయ చూశారంటే మనసు కలుక్కుమంటుంది. ప్రత్యర్థులు ఏ చిన్న లోపాన్నీ వదలరన్న నాయకుల భయం నాకు అర్థమవుతుంది. గెలిచాక కూడా ఆమెను తలచుకోకపోవడమే అర్థం కాదు.

ఆ గెలుపు కోర్టులో వచ్చింది. 'బ్రౌడర్ వర్సెస్ గేల్' కేసులో ఆమె ఫిర్యాది, సాక్షి కూడా. బస్సుల్లో నల్లవారిని, తెల్లవారిని వేరుచేసి కూర్చోబెట్టడం చెల్లదన్న తీర్పును 1956 నవంబరులో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. కాల్విన్ బాల్యంలోని కేసు రికార్డును మాత్రం 2021లో, ఆమెకు 82 ఏళ్లు వచ్చాక రద్దు చేశారు.

పిల్లల పేజీలో పార్క్స్ ఫొటో వేసినప్పుడు, పక్కనే ఈమె ఫొటో కూడా వేయమని నా మనవి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, విజయవాడ