గండికోట దారిలో ఊగిన ఇల్లు

అనంతపురం,
ఆదివారం ఉదయం.

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరానికి జవాబివ్వడానికి రెండు నెలలు పట్టింది, క్షమించు. అమ్మ మోకాళ్ల నొప్పి కొంత తగ్గింది, పెద్దవాడు పదో తరగతికి వచ్చాడు, వేరుశనగ ఈసారీ వానను నమ్ముకొని మోసపోయింది. గండికోట ప్రయాణం సంగతి నీకు చెప్పేవరకు నాకు అన్నం సహించేట్టు లేదు.

మా బావమరిది జీపు వెనుక తగిలించుకొనే చక్రాల ఇల్లు, అంటే ట్రైలరు, కట్టించాడని చెప్పాను కదా. ఒకే ఇరుసు, రెండు చక్రాలు, లోపల రెండు పడకలు, వెనుక వంటగట్టు. సామాను సర్దే పని నాకు అప్పగించారు. హాస్టలు గదిలో నీ ట్రంకుపెట్టె మీద నా ట్రంకుపెట్టె పెట్టిన రోజు ఏమైందో నీకు తెలుసు గనుక నవ్వుకో. వంట వెనుక కాబట్టి నీళ్లూ అక్కడే ఉండాలని 40 లీటర్ల క్యాన్లు రెండు నింపి వెనుక గోడకు ఆనించాను. లీటరు నీళ్లంటే కిలో బరువన్న సంగతి ఆ పూట నా బుర్రకు తట్టలేదు.

తాడిపత్రి దాటి జమ్మలమడుగు వైపు పల్లంలో 70 వేగంతో దిగుతుండగా ఒక లారీ పక్కనుంచి దూసుకుపోయింది. ఆ గాలికి ట్రైలరు తోక కుడికి, ఎడమకు ఊగడం మొదలుపెట్టి, ఊగేకొద్దీ జీపునే పట్టి ఈడ్వసాగింది. బావమరిది ఊపుకు ఎదురుగా స్టీరింగు తిప్పాడు, ఊపు రెట్టింపయింది. నేను బ్రేకు, బ్రేకు అని అరిచాను. అదృష్టవశాత్తు అతను నా మాట వినకుండా, స్టీరింగును తిన్నగా పట్టుకొని యాక్సిలరేటరు మీద కాలు తీసేశాడు. గట్టిగా బ్రేకు తొక్కి ఉంటే జీపు నిలిచినా ట్రైలరు పక్కకు తిరిగి మా మీదికి వచ్చేది. వేగం తగ్గేకొద్దీ ఊపు తగ్గింది. చెట్టు కింద ఆగాక చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. అప్పుడు నాకు నువ్వే గుర్తొచ్చావు, ఎందుకంటే... సరే, అది వద్దులే.

మా జేజినాయన దిగి, కొక్కెం విప్పించి, ట్రైలరు మూతిని ఒంటిచేత్తో ఎత్తి చూపించాడు. "బండికి వెనక బరువైతే కాడి పైకి లేచి ఎద్దు గొంతుకు ఉరి పడుతుంది, ముందు బరువైతే మెడ పుండవుతుంది. జీపుకు గొంతు లేదనుకున్నారా?" అన్నాడు. బావమరిదికి రోషం వచ్చి దొరికిన సామానంతా ముందుకు తోశాడు. ఈసారి జీపు వెనుక భాగం కుంగి, ముందు చక్రాల మీద బరువు తగ్గి, స్టీరింగు చేతిలో ఉందో లేదో తెలియనంత తేలికైపోయింది!

పాకుతున్నట్టు జమ్మలమడుగు చేరి, వేబ్రిడ్జి మీద ట్రైలరును తూచితే 680 కిలోలు. మొత్తంలో 10 నుంచి 15 శాతం కొక్కెం మీద పడాలని బావమరిది అప్పుడు చెప్పాడు (ముందే తెలిసినవాడు ముందే ఎందుకు చెప్పలేదో అడగకు). అంటే 68 నుంచి 102 కిలోలు. సామాను మొదట నేను సర్దినట్టే పెట్టి, ట్రైలరును మట్టంగా నిలిపి, వేరుశనగ బస్తాలు తూచే కాటా మీద దాని మూతిని ఆనిస్తే 18 కిలోలు! కాటా మనిషి నా వైపు జాలిగా చూశాడు. తరువాత క్యాన్లు రెండింటినీ ఆరున్నర అడుగులు ముందుకు, ఇరుసు దాటించి, నేలకు ఆనించి కట్టాము. ఇరుసు నుంచి కొక్కెం 10 అడుగుల దూరం, కాబట్టి 80 కిలోల నీళ్లలో పదింట ఆరున్నర వంతు, అంటే 52 కిలోలు, కొక్కెం మీదికి మారి కాటా 70 చూపించింది. బియ్యం, గ్యాసు సిలిండరు ఇరుసు మీదే, కిందనే ఉంచాము. జీపును, ట్రైలరును కలిపే గొలుసులు రెండూ కొక్కెం కింద అడ్డంగా వేసి బిగించాము, టైర్లలో గాలి చూసుకున్నాము. అక్కడినుంచి గండికోట దాకా ఆ ఇల్లు బుద్ధిగా వెంట వచ్చింది. పెన్న లోయ అంచున నిలబడి జేజినాయన చూసింది లోయను కాదు, కొక్కెం వైపే.

ఇంకా చాలా ఉంది గానీ కింద హారన్ మోగుతోంది. ఈరోజు బెలుం గుహలకట. క్యాన్లు ఎక్కడ పెట్టాడో నేను వెళ్లి

నీ మిత్రుడు