ఇన్‌కమర్ నుంచి తీసే సన్న వైరు గురించి మా ఖాతాదారులకు

ఈమధ్య మా కొటేషన్లలో ఒక కొత్త పద్దు కనిపిస్తోంది: బస్‌బార్ (ప్యానెల్ లోపల కరెంటు పంచే లోహపు పట్టీ) పక్కనే ఫ్యూజు హోల్డర్లు. దీనివల్ల ప్యానెల్ ధర కొంత పెరుగుతుంది, వెడల్పు కూడా కొంత పెరుగుతుంది. ఇప్పటికే ఖరారైన ఆర్డర్ల ధర మాత్రం మారదు. ‘లోడు ఒకటి రెండు ఆంపియర్లే కదా, ఇంత ఏర్పాటు ఎందుకు?’ అని చాలామంది అడుగుతున్నారు. అడగవలసిన ప్రశ్నే అది.

400 ఆంపియర్ల ఎంసీసీబీ (పెద్ద సైజు బ్రేకర్) ఇన్‌కమర్‌గా, అంటే కరెంటు లోపలికి వచ్చే మెయిన్ బ్రేకర్‌గా ఉన్న ప్యానెల్‌ను తీసుకోండి. అందులో 500 వీఏ కంట్రోల్ ట్రాన్స్‌ఫార్మర్ ఉంది. 400 వోల్టుల దగ్గర అది తీసుకునేది 1.25 ఆంపియర్లే. ఇన్‌కమర్ అవుట్‌గోయింగ్ టెర్మినల్ నుంచి 1.5 చ.మి.మీ. వైరు తీసి, మీటరు దూరంలోని 4 ఆంపియర్ల ఎంసీబీకి (చిన్న బ్రేకర్‌కు) కలుపుతారు. ఓవర్‌లోడు విషయంలో ఇందులో తప్పేమీ లేదు. వైరు చివర ఉన్నా సరే, ఎంసీబీ అంతకు మించి కరెంటు లాగనివ్వదు. చిక్కంతా ఆ మీటరు వైరులోనే ఉంది. అక్కడ ఇన్సులేషన్ తెగి ఫేజులు కలిస్తే ఎంసీబీకి ఆ సంగతే తెలియదు. ఆపవలసింది 400 ఆంపియర్ల బ్రేకరే.

పీవీసీ ఇన్సులేషన్ ఉన్న రాగి వైరు షార్ట్ సర్క్యూట్‌లో ఎంత వేడికి తట్టుకుంటుందో లెక్కగట్టేటప్పుడు 115 అనే గుణకం వాడతాం. దాన్ని వైరు అడ్డుకోత వైశాల్యంతో గుణించి వర్గం చేస్తే 1.5 చ.మి.మీ.కు దాదాపు 30 వేల ఆంపియర్ స్క్వేర్ సెకన్లు (వైరులో పుట్టే వేడికి కొలత) వస్తుంది. 10 వేల ఆంపియర్ల ఫాల్టును బ్రేకర్ 10 మిల్లీసెకన్లలో తెంచినా, ఈలోగా వైరు గుండా పోయేది 10 లక్షలు! అంటే వైరు ఓర్చుకోగలిగినదానికి ముప్ఫై రెట్లకు పైగా. ఈ లెక్కకు నిలవాలంటే 10 చ.మి.మీ. వైరు కావాలి. మోటార్లను కాపాడే చిన్న బ్రేకర్లు (ఎంపీసీబీలు) చాలావాటి టెర్మినళ్లలో అది పట్టదు.

నన్ను ఇంతకంటే ఎక్కువగా కలవరపెట్టేది చిన్న ఫాల్టు. ఆర్కింగ్ (గాలి సందు గుండా కరెంటు మెరుపులా దూకడం) వల్ల కరెంటు వెయ్యి ఆంపియర్ల దగ్గరే ఆగిందనుకోండి. పెద్ద ఫాల్టును వెంటనే తెంచే మాగ్నెటిక్ ట్రిప్ బ్రేకర్ రేటింగుకు పది రెట్లకు, అంటే 4 వేల ఆంపియర్లకు సెట్ చేసి ఉంటే, బ్రేకర్ దృష్టిలో ఇది వట్టి ఓవర్‌లోడు. వేడిని బట్టి మెల్లగా తెంచే థర్మల్ ట్రిప్ పనిచేయడానికి పదుల సెకన్లు పడుతుంది. సన్న వైరు ఇన్సులేషన్ హద్దు దాటడానికి సెకనులో ముప్ఫయ్యో వంతు చాలు.

అందుకే ఫ్యూజును ట్యాప్ (మెయిన్ లైను నుంచి చీల్చి తీసే సన్న వైరు) మొదట్లోనే పెడుతున్నాం. 10 ఆంపియర్ల జీజీ రకం (సాధారణ వాడకపు) ఫ్యూజు పెద్ద ఫాల్టులో వదిలే శక్తి రెండు వేల ఆంపియర్ స్క్వేర్ సెకన్లకు మించదు. దాని తర్వాత 1.5 చ.మి.మీ. వైరు నిశ్చింతగా సరిపోతుంది. బస్‌బార్ నుంచి ఫ్యూజు వరకు ఉండే చిన్న ముక్కను మాత్రం మందంగా, పొట్టిగా, స్లీవు తొడిగి, రేకు అంచులకు తగలకుండా, మిగతా వైరింగ్‌తో కలవకుండా విడిగా నడుపుతాం. రక్షణ లేని ఈ ముక్క లోడుకు సరిపడే మందంతో, 3 మీటర్లకు మించకుండా, షార్ట్ అయ్యే అవకాశం తగ్గేలా ఉంటే యంత్రాల విద్యుత్ భద్రతా ప్రమాణం ఐఈసీ 60204-1 అనుమతిస్తుంది. 3 మీటర్లన్నది గరిష్ఠ హద్దు మాత్రమే. నా దృష్టిలో ప్యానెల్ లోపల అర మీటరు దాటితే లేఅవుట్ మళ్లీ గీయాలి.

అమెరికాలో నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ 240.21 ప్రకారం, 10 అడుగులు దాటి 25 అడుగుల వరకు ఉండే ట్యాప్ వైరుకు పై బ్రేకర్ రేటింగులో కనీసం మూడో వంతు కరెంటు మోసే సామర్థ్యం ఉండాలి. ట్యాప్ నుంచి మళ్లీ ట్యాప్ తీయకూడదు. ప్యానెల్‌కు యూఎల్ 508ఏ (అక్కడి కంట్రోల్ ప్యానెళ్ల ప్రమాణం) కూడా చూసుకోవాలి కాబట్టి, మీ యంత్రం అక్కడికి వెళ్లేదైతే డిజైను మొదలుకాకముందే చెప్పండి.

మరో విన్నపం. తర్వాత ఒక ఫ్యానో, దీపమో కావలసి వచ్చినప్పుడు ఇన్‌కమర్ టెర్మినల్ కింద ఇంకో వైరు దూర్చకండి. ఒకే స్క్రూ కింద లావు లగ్గు (కేబుల్ చివర తొడిగే లోహపు తొడుగు), సన్న వైరు కలిస్తే రెండూ సరిగ్గా బిగియవు. ఇకపై ప్రతి ప్యానెల్‌లో ఒక ఖాళీ ఫ్యూజు హోల్డరు అదనంగా ఇస్తున్నాం, దాన్ని వాడుకోండి. అది చాలకపోతే మమ్మల్ని పిలవండి. టెర్మినల్ కింద వైరు దూర్చే పని మాత్రం మేము చేయం, ఎంత తొందరలో ఉన్నా సరే.

ఇక ఆర్డరుతో పాటు మీ ట్రాన్స్‌ఫార్మర్ కేవీఏ, ఇంపిడెన్సు (కరెంటుకు అది ఇచ్చే అడ్డు) శాతం, అక్కడి నుంచి ప్యానెల్ దాకా కేబుల్ మందం, పొడవు రాసి పంపండి. 400 వోల్టుల 500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇంపిడెన్సు 5 శాతమైతే దాని టెర్మినళ్ల దగ్గరే 14 వేల ఆంపియర్లకు పైగా ఫాల్టు కరెంటు వస్తుంది. కేబుల్ దాన్ని ఎంత తగ్గిస్తుందో తెలిస్తేనే ఫ్యూజునూ వైరునూ సరిగ్గా ఎంచగలం. ఆ వివరాలు అందాకే డ్రాయింగ్ మొదలుపెడతాం.