‘72 సీజన్స్’ను చివరిదాకా వినండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా కొత్త ఆల్బమ్ ‘72 సీజన్స్’ మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన సమీక్ష చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను. తెలుగు పత్రికలో ఆ బ్యాండ్ పేరు అచ్చులో చూడడమే నాకు పండగ. చదివేసరికి మాత్రం ప్రాణం ఉసూరుమంది. అరవైకి అటూ ఇటూ ఉన్న నలుగురు కుర్రతనపు వేగాన్ని అందుకోబోయి ఆయాసపడ్డారని మీ సమీక్షకుల తీర్పు. అందుకు చూపించినవి రెండు పాటలు: ‘లక్స్ ఎటర్నా’, ‘ఇఫ్ డార్క్‌నెస్ హ్యాడ్ ఎ సన్’. రెండూ ఆల్బమ్ రాకముందే బయటికి వదిలినవి. 2023 ఏప్రిల్ 14న వచ్చిన అసలు ఆల్బమ్‌లో పాటలు 12, నిడివి 77 నిమిషాలు. మొత్తం విన్నవాళ్ళు ఇలాంటి తీర్పు ఇస్తారంటే నేను నమ్మలేను.

మాది చిత్తూరు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబ్‌లో పని చేస్తాను. జూన్‌లో తోతాపురి కాయ లారీలు వరస కట్టాయంటే మాకు పగలూ రాత్రీ ఒకటే. ఆ రద్దీ మొదలవకముందే ఈ ఆల్బమ్ రావడం నా అదృష్టం. మావాడు తిరుపతిలో ఇంటర్ హాస్టల్లో ఉన్నాడు. ఆదివారాలు వాణ్ణి చూసి రావడానికి బస్సెక్కుతాను. చిత్తూరు బస్టాండులో మొదటి పాట పెట్టుకుంటే పూతలపట్టు, కాశిపెంట్ల దాటి చంద్రగిరి దగ్గరపడే వేళకు చివరి పాట నడుస్తుంటుంది. ఒక్క పాటా దాటెయ్యకుండా వినడానికి నాకు దొరికే తీరిక అదే.

పేరు వెనక సంగతి మీ సమీక్షలో ఎక్కడా లేదు. ఏడాదికి నాలుగు ఋతువుల లెక్కన 72 అంటే మనిషి మొదటి 18 ఏళ్ళు. ఆ వయసులో ఇంట్లో, బడిలో, గుడిలో పెద్దలు మన నెత్తిన పెట్టినవాటిలో ఎన్నింటిని ఇప్పటికీ మోస్తున్నాం, ఎన్నింటిని దించుకోగలం అన్నదే ఈ ఆల్బమ్ అంతా. పాడుతున్నది జేమ్స్ హెట్‌ఫీల్డ్. ఆయనకు 13వ ఏట తండ్రి ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. 16వ ఏట తల్లి కేన్సర్‌తో పోయింది. వాళ్ళది ప్రార్థనే తప్ప వైద్యం వద్దనుకునే క్రైస్తవ శాఖ. పెద్దయ్యాక తాగుడు, దాన్ని వదిలించుకోవడానికి 2001లో ఒకసారి, 2019లో మరోసారి చికిత్స. అట్ట మీద బాగా మాగిన బంగినపల్లి రంగు. దాని నడుమ కాలి నల్లబడ్డ పసిపిల్లల ఊచల మంచం, చుట్టూ చిన్ననాటి వస్తువులు. ఆ బొమ్మ చూశాక కూడా దీన్ని కుర్రతనం కోసం వెంపర్లాట అని ఎలా అనుకున్నారు?

ఈ బాధను ఆయన ఇంతకుముందూ పాడాడు. 1991 నాటి నల్ల అట్ట ఆల్బమ్‌లో ఆ నమ్మకం మీద కోపంతో పాడాడు. 1996లో తల్లిని తలుచుకుని మెత్తగా పాడాడు. ఆ నల్ల అట్ట క్యాసెట్ మా అన్న మద్రాసు నుంచి తెచ్చాడు. నేనప్పుడు బడిపిల్లను, నాకు ఆ కోపమే నచ్చింది. ఇప్పుడు వింటున్న గొంతులో కోపం ఉంది కానీ అది ఎదుటివాళ్ళ మీదికి పోవడం లేదు. తను కూడా బిడ్డలను పెంచిన మనిషి, తన చేతుల్లోకి వచ్చిన కోపాన్ని తనే పట్టి చూసుకుంటున్నాడు. ‘షాడోస్ ఫాలో’ వింటే ఇది తెలుస్తుంది. అదేమీ తక్కువ వేగం పాట కాదు, మీ సమీక్షకులు దాని పేరైనా ఎత్తలేదు.

2011 అక్టోబర్ 30న బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌లో వీళ్ళు వాయించినప్పుడు అన్నతో కలిసి పలమనేరు, కోలారు మీదుగా నేనూ పోయాను. అంతకు రెండు రోజుల ముందు గుర్‌గావ్‌లో జరగాల్సిన కచేరీ ఆగిపోయింది కాబట్టి వేదిక మీదికి మనుషులొచ్చేదాకా గుండె దడదడలాడింది. ఆ రాత్రి అందరం పాత పాటలే కోరుకున్నాం. కచేరీలో కోరుకోవడంలో తప్పులేదు. కొత్త ఆల్బమ్ ముందు కూర్చుని కూడా అదే కోరుకుంటే, ఆ మనిషి ఇప్పుడు చెబుతున్న మాట మన చెవిన పడదు.

ఇక మావాడి సంగతి. హాస్టల్లో ఫోన్ ఉండనివ్వరు. బయట హోటల్లో దోసె తింటూ నా ఫోన్ తీసుకుని పాటల జాబితా చూశాడు. ‘స్క్రీమింగ్ సూసైడ్’ అన్న పేరు దగ్గర ఆగి, “ఏంది మా, ఇట్లాంటి పేరు పెట్టినారు?” అన్నాడు. నాకు భయం వేసింది, ఫోన్ లాక్కుందామనుకున్నాను. చెరో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విన్నాం. అందులో మాట్లాడేది మనిషి కాదు, బుర్రలో దూరి కూర్చున్న ఆ ఆలోచనే. దాన్ని చీకట్లో దాచిపెట్టకుండా నలుగురిలోకి తేవాలన్నది పాట ఉద్దేశం. హెట్‌ఫీల్డ్ కూడా అదే చెప్పాడు. మావాడు రెండోసారి పెట్టమన్నాడు. తర్వాత ప్లేటు వైపే చూస్తూ, “మా రూములో ఒకడు మార్కులు వచ్చినప్పటి నుంచి సరిగ్గా అన్నం తినడం లేదు మా. మేం ఎవరమూ ఏందని అడగలా” అన్నాడు. తిరిగి వెళ్ళగానే అడగమన్నాను, వార్డెన్‌కూ చెప్పమన్నాను. అడిగాడు. ఆ పిల్లాడి అమ్మానాన్నలు వచ్చి నాలుగు రోజులు ఇంటికి తీసుకెళ్ళారు. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో మీ జిల్లా పేజీ చేతిలో పట్టుకుని నేను వంటింట్లో నిలబడిపోయాను. పిల్లల ఆత్మహత్యల వార్తలు వేసిన పత్రికలోనే ఈ పాట గురించి ఒక్క వాక్యం కూడా లేకపోవడం నాకు కష్టంగా ఉంది.

ఆల్బమ్‌లో లోపాలు లేవని నేననను. ‘క్రౌన్ ఆఫ్ బార్బ్‌డ్ వైర్’, ‘చేజింగ్ లైట్’ దగ్గర నడక బరువెక్కుతుంది. ఆ రెండూ తీసేసినా నాకు లోటు తెలిసేది కాదు. గిటార్ వాయించే కిర్క్ హ్యామెట్ సోలో (ఒంటరి వాయింపు) అందుకున్న ప్రతిసారీ, గిటార్‌ను ‘వా వా’ అనిపించే వా పెడల్ మీద కాలు వేస్తాడు, కొన్నిచోట్ల వెయ్యకుండా ఉంటే బాగుండేది. అయినా ఆయన తిరిగి రచనలోకి రావడం మంచిదైంది. రిఫ్‌లు (పాటకు పునాది అయ్యే చిన్న గిటార్ వరసలు) దాచుకున్న ఫోన్ పోగొట్టుకున్నాక, 2016 ఆల్బమ్ 12 పాటల్లో ఒక్కదాని రచనలోనూ ఆయన పేరు లేదు. ఈసారి ఆయన పేరుతో పాటు బేస్ వాయించే రాబర్ట్ ట్రుహియో పేరూ పాటల కింద ఉంది. ‘స్లీప్‌వాక్ మై లైఫ్ అవే’ మొదట్లో ఆ బేస్ చప్పుడు వినండి.

అన్నిటికంటే ముఖ్యం చివరి పాట ‘ఇనామొరాటా’. 11 నిమిషాలు దాటుతుంది, వాళ్ళు సొంతంగా కట్టిన పాటలన్నిటిలో ఇదే పొడుగు. సగం దూరం బరువుగా, తొందర లేకుండా నడుస్తుంది. అక్కడ గిటార్లు పక్కకు తప్పుకుంటాయి, బేస్ మిగులుతుంది, డ్రమ్స్ సన్నబడతాయి. హెట్‌ఫీల్డ్ గొంతు బాగా దించి పాడతాడు. మళ్ళీ గిటార్లు ఒక్కొక్కటే చేరి, జంటగా పైకి లేస్తాయి. దుఃఖాన్ని ప్రేయసిలా ఇన్నేళ్ళు వెంటబెట్టుకు తిరిగిన మనిషి, నేను బతుకుతున్నది దీనికోసం కాదని తేల్చుకునే పాట అది. ఇరవై ఏళ్ళ వయసులో ఈ పాట ఆయన కట్టలేడు, నేను వినలేను. 1986 నాటి ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ ఆల్బమ్ తర్వాత వాళ్ళు చేసినవాటిలో దీన్ని మొదటి వరుసలో పెడతాను, ఎవరు కాదన్నా సరే.

ఆయాసపడుతున్నారన్న మాటకు ఇంకొక్క జవాబు. 2023 ఏప్రిల్ 27న ఆమ్‌స్టర్‌డామ్‌లో మొదలైన పర్యటనలో ఒకే ఊళ్ళో రెండు రాత్రులు వాయించారు, మొదటి రాత్రి పాట ఒక్కటి కూడా రెండో రాత్రి లేకుండా.

మీ సమీక్షకులతో మిగతా పది పాటల మీద కూడా రాయించండి. ‘ఇనామొరాటా’ నచ్చకపోతే ఏ చోట నచ్చలేదో వివరంగా రాయమనండి. కాయ లారీలు వచ్చేలోపు అయితే నేను జవాబు కూడా రాస్తాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
చిత్తూరు.