ఒరేయ్ శీనూ, ఈసారి ఏడూ పదీ

ఫ్రిస్కో, టెక్సస్
14 జనవరి 2025, సంక్రాంతి

ఒరేయ్ శీనూ,

పండగ బాగా జరిగిందా? అమ్మగారి మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి? ఫోన్ చేద్దామనే అనుకున్నాను గానీ, పండగ పూట ఫోనంటే ఇంటిల్లిపాదీ ఒకళ్ళ చేతిలోంచి ఒకళ్ళు లాక్కుంటారు, మన కబుర్లు మనకి మిగలవు. అందుకే కూర్చుని రాస్తున్నాను. మొన్న గురువారం ఇక్కడ మంచు పడింది. గరాజ్ నీడన కరక్కుండా ఉండిపోయినదాన్ని పొద్దున్నే నేను గోకి పారేస్తే, అప్పుడు మా ఆవిడ ముగ్గు వేసింది.

నిన్న భోగి కదా. మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా వార్త వచ్చింది, మెక్‌కార్తీ ఇక మన డాలస్ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు కౌబాయ్స్‌కి కోచ్ కాదని. కాంట్రాక్ట్ గురించి మాట్లాడుకున్నారు, కుదరలేదు, విడిపోయారు. ఐదేళ్ళలో 49 గెలుపులు, 35 ఓటములు. 2021 నుంచి వరసగా మూడేళ్ళు పన్నెండేసి ఆటలు గెలిపించాడు. సీజన్ అయ్యాక టైటిల్ కోసం ఆడే ప్లేఆఫ్స్‌లో మాత్రం ఆ ఐదేళ్ళకీ కలిపి ఒక్కటే గెలుపు. మనిషి మంచివాడు. నాకు ఆయన మీద కోపం లేదు.

క్రితంసారి నువ్వు ఒక మాటన్నావు గుర్తుందా? "ఈ సీజన్‌లో ఏడు గెలిచారంటే మనం అక్కడ కలిసి ఉన్నప్పటి ఎనిమిదికి ఒకటే కదరా తక్కువ, అంత బాధ దేనికి?" అని. అప్పుడు నీకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఆ మాట నన్ను వదల్లేదు.

వ్యాలీ రాంచ్‌లో మన అపార్ట్‌మెంట్ గుర్తు తెచ్చుకో. కౌబాయ్స్ పార్క్‌వే మీద వాళ్ళ ఆఫీసు, ప్రాక్టీసు మైదానం, దాని చుట్టూ అన్ని అపార్ట్‌మెంట్లలోనూ మనవాళ్ళే. సాయంత్రం నడకకి వెళ్తే ఒకవైపు పోపు వాసన, ఇంకోవైపు ఆటగాళ్ళ కార్లు. 2011, 2012, 2013 మూడేళ్ళూ ఎనిమిది గెలిచాం, ఎనిమిది ఓడాం. కానీ మూడేళ్ళూ ఆఖరి ఆదివారం రాత్రి దాకా ప్రాణం నిలబడింది. గెలిస్తే ప్లేఆఫ్స్, ఓడితే ఇంటికి. మొదటిసారి న్యూయార్క్, తర్వాత వాషింగ్టన్, తర్వాత ఫిలడెల్ఫియా. మూడోసారి మన క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి ఆట నడిపే రోమోకి నడుము ఆపరేషన్ అయితే పాపం అతని బదులు ఆర్టన్ ఆడాడు. మూడుసార్లూ ఓడాం. ఓడాక నువ్వు అన్నం ముట్టకుండా పడుకునేవాడివి. అయినా ఆ రాత్రులు మనకి దక్కాయి రా. ఈసారి అది కూడా లేదు.

డిసెంబర్ 22న టాంపా బేతో రాత్రి ఆట. ఆ మధ్యాహ్నమే వాషింగ్టన్ ఫిలడెల్ఫియా మీద గెలిచింది, దాంతో మనకి దారి మూసుకుపోయింది. ఇక ఎన్ని గెలిచినా లాభం లేదని తెలిసి కూడా మనవాళ్ళు మైదానంలోకి దిగి 26-24తో గెలిచారు. చివర్లో బ్లాండ్ అవతలివాడి చేతుల్లోంచి బంతి గుంజుకున్నాడు. చూస్తుంటే నాకు కళ్ళు చెమర్చాయి. గెలిచినా దేనికీ అక్కరకు రాని ఆటలో ఎవరైనా అలా పెనుగులాడతారా? ఆడిన కుర్రాళ్ళ తప్పు కాదురా ఇది. ఈ సీజన్ ఎండాకాలంలోనే చేజారిపోయింది.

వివరంగా చెప్తాను విను. నిరుడు జనవరిలో గ్రీన్ బే మన ఊరొచ్చి 48-32తో కొట్టి పోయింది. ఆ తర్వాత జట్టు ఓనరు జెర్రీ జోన్స్, వచ్చే ఏడు ఉన్నదంతా ఒడ్డేస్తాం అన్నట్టు మాట్లాడాడు. మేమంతా ఆశపడ్డాం. తీరా చూస్తే బయటి నుంచి పెద్ద ఆటగాణ్ణి ఎవర్నీ తేలేదు. బంతి పట్టుకుని పరిగెత్తడంలో దిట్ట డెరిక్ హెన్రీ కాంట్రాక్ట్ లేక ఖాళీగా ఉన్నాడు, సీజన్ లేనప్పుడు డాలస్‌లోనే ఉంటాడు. బాల్టిమోర్ అతన్ని రెండేళ్ళకి 16 మిలియన్లకి తీసుకెళ్ళింది. పాసులు పట్టే ల్యాంబ్ కాంట్రాక్ట్ ఆగస్టు 26 దాకా తేల్చలేదు, ఆ కుర్రాడు క్యాంపంతా లేడు. క్వార్టర్‌బ్యాక్ ప్రెస్కాట్ కాంట్రాక్ట్ అయితే క్లీవ్‌లాండ్‌లో మొదటి ఆట రోజు పొద్దున తేలింది, నాలుగేళ్ళకి 240 మిలియన్లు. పీటల మీద కూర్చున్నాక మంగళసూత్రానికి బంగారం కొనడానికి వెళ్ళినట్టుంది. ఎలాగూ ఇవ్వాల్సిన డబ్బే, ముందే ఇచ్చి ఉంటే మిగతా వాళ్ళకి ఎంత మిగిలేదో లెక్క తేలేది. సెప్టెంబర్ 22న అదే హెన్రీ మన స్టేడియం ఉన్న ఆర్లింగ్టన్ వచ్చి మన మీద 151 గజాలు పరిగెత్తాడు. సీజన్ మొత్తానికి 1,921. మనం మూడు పాయింట్ల తేడాతో ఓడాం. ఆ రోజు నాకు నిద్ర పట్టలేదు.

ఇంట్లో ఆడిన తొమ్మిదిట్లో రెండే గెలిచాం. 2023లో సొంత మైదానంలో ఎనిమిదికి ఎనిమిదీ గెలిచిన జట్టు ఇది! అక్టోబర్ 13న డెట్రాయిట్ 47-9తో కొట్టింది. జెర్రీకి ఆ రోజు 82 నిండాయి. 1989లో ఆయన జట్టు కొన్నాక ఇంట్లో ఇంత ఘోరంగా ఎప్పుడూ ఓడలేదు. ఆ ఆటలోనే వాళ్ళ హచిన్‌సన్ కాలు విరిగింది. అప్పుడు మాత్రం మనవాళ్ళు, వాళ్ళు అని లేకుండా అందరూ గమ్మునైపోయారు.

నవంబర్ 10న ఫిలడెల్ఫియా ఆటకి చిన్నోణ్ణి తీసుకెళ్ళాను. సీట్లు కాదు, నిలబడి చూసే పార్టీ పాస్ టికెట్లు. తూర్పు చివర నిలబడ్డాం. ఆ స్టేడియం తూర్పు పడమరలుగా కట్టారు కదా, రెండు చివర్లా అంతెత్తు అద్దాలు. సాయంత్రమయ్యేసరికి పడమటి అద్దంలోంచి ఎండ సూటిగా వచ్చి మైదానం మీద పొడవాటి చారలా పడింది. చిన్నోడు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తున్నాడు. అప్పటికి ప్రెస్కాట్‌కి తొడ కండరం చిట్లి సీజనే పోయింది, కూపర్ రష్ ఆడుతున్నాడు. మన డిఫెన్స్ ఆటగాడు పార్సన్స్ అవతలి క్వార్టర్‌బ్యాక్ చేతిలోంచి బంతి రాలగొట్టాడు, గోల్ లైన్ దగ్గర మనకి దొరికింది. ఎండ్‌జోన్‌లో ల్యాంబ్ ఒంటరిగా ఉన్నాడు, చుట్టూ ఎవరూ లేరు. రష్ బంతి విసిరాడు. ల్యాంబ్ తల తిప్పాడు, మొహమంతా ఎండ. బంతి పక్కనుంచి పోతున్నా చెయ్యెత్తలేదు. అతనికి అది కనిపించనే లేదు. "నాన్నా, నాక్కూడా కనపడలేదు" అన్నాడు చిన్నోడు. అక్కడ పట్టుకుంటే ఆరు పాయింట్ల టచ్‌డౌన్, అది పోయి మూడు పాయింట్లే వచ్చాయి. 34-6తో ఓడాం. ఆ రోజు రష్ విసిరిన పాసులన్నీ కలిపితే 45 గజాలు. తెరలు వేయిస్తే బాగుండునని ల్యాంబ్ పైకే అన్నాడు. జెర్రీ ఒప్పుకోలేదు. సొంత ఇంట్లో మన ఆటగాడికి బంతి కనపడట్లేదంటే ఒక తెర వేయించడానికి ఏం పోయింది? నాకు ఇప్పటికీ మింగుడు పడట్లేదు.

అలాగని అన్నీ ఏడుపులే కాదు. నవంబర్ 24న వాషింగ్టన్‌లో చివరి మూడు నిమిషాలు చూశావా? మీకు అప్పటికి సోమవారం తెల్లవారుజాము అవుతుంది. మన టర్పిన్ వాళ్ళు తన్నిన కిక్‌ఆఫ్ బంతిని జారవిడిచి, మళ్ళీ పట్టి, గిర్రున తిరిగి 99 గజాలు పరిగెత్తాడు. ఇంకా 21 సెకన్లుందనగా వాళ్ళు 86 గజాల టచ్‌డౌన్ కొట్టారు, దాని మీద తన్నే ఒక్క ఎక్స్‌ట్రా పాయింట్ కొడితే సమానం. అది పక్కకి పోయింది! ఆ వెంటనే బంతి మళ్ళీ తమకే దక్కాలని వాళ్ళు చిన్నగా తన్నిన ఆన్‌సైడ్ కిక్‌ని జువాన్యే థామస్ పట్టుకుని నేరుగా టచ్‌డౌన్ చేశాడు. 34-26. మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది, నాకేమైనా అయిందేమోనని.

థాంక్స్‌గివింగ్ నాడు మన ఓవర్‌షోన్ ఆట మరిచిపోలేను. న్యూయార్క్ క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని తనే చేత్తో పైకి తట్టాడు, పడేలోపు తనే పట్టాడు, 23 గజాలు తనే తీసుకెళ్ళాడు. ఈ ఏడాది ఇంట్లో మొదటి గెలుపు అదే. టెక్సస్ పల్లెటూరి పిల్లాడు, మొదటి ఏడాదంతా ఎడమ మోకాలు పోయి ఆడనేలేదు. చిన్నోడికి అతనంటే ప్రాణం. డిసెంబర్ 9న సిన్సినాటితో కుడి మోకాలు పోయింది. మూడు లిగమెంట్లు తెగాయట. ఆ రాత్రి చిన్నోడు "ఇప్పుడే కదా నాన్నా బాగయ్యాడు" అంటూ మంచం మీద కూర్చుండిపోయాడు. నేనేం చెప్పను?

అదే ఆటలో 20-20 మీద ఉండగా వాళ్ళు బంతిని మనకి వదిలేస్తూ దూరంగా తన్నబోయిన పంట్‌ని మనవాడు అడ్డుకున్నాడు. బంతి లైన్ దాటి ముందుకు దొర్లింది. దాన్ని అలా వదిలేస్తే చాలు, బంతి మనదే. మన ఓరువారియే దాన్ని పట్టబోయాడు, చేతికి తగిలి జారింది, వాళ్ళు దాని మీద పడ్డారు. మనవాడు ముట్టుకున్నాడు కాబట్టి బంతి తిరిగి వాళ్ళదైంది. మూడు ప్లేల తర్వాత వాళ్ళ చేజ్ 40 గజాల టచ్‌డౌన్. ఆ కుర్రాణ్ణి అందరూ తిట్టారు. నేను తిట్టలేను. కళ్ళ ముందు బంతి దొర్లుతుంటే చెయ్యి దానంతట అదే ముందుకు పోతుంది.

రష్ గురించి ఒక్క మాట. 2017లో డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త కుర్రాళ్ళని వరసగా ఎంచుకునేటప్పుడు, ఎవరూ తీసుకోని పిల్లాడు. ప్రెస్కాట్ పడిపోయాక ఎనిమిది ఆటలు మొదటి నుంచీ ఆడి నాలుగు గెలిపించాడు. ఆ నాలుగూ ఐదు ఆటల్లోనే వచ్చాయి. డౌడిల్ పరుగులో వెయ్యి గజాలు దాటాడు, అతన్ని కూడా డ్రాఫ్ట్‌లో ఎవరూ అడగలేదు. వీళ్ళని వదులుకోకూడదని నా కోరిక.

జనవరి 5న ఆఖరి ఆట. రష్ బదులు ట్రే ల్యాన్స్ మొదలుపెట్టాడు. మూడు సెకన్లుందనగా మారియోటా టచ్‌డౌన్ విసిరి వాషింగ్టన్‌ని 23-19తో గెలిపించాడు. మొత్తం ఏడు గెలుపులు, పది ఓటములు, డ్రాఫ్ట్‌లో పన్నెండో నంబరు. నేను టీవీ కట్టేసి కాసేపు వాకిట్లో నిలబడ్డాను. మనం ఆఖరిసారి సూపర్ బౌల్ ఫైనల్ గెలిచింది 1996 జనవరిలో. అప్పుడు నువ్వూ నేనూ కాకినాడలో ఎక్కాలు బట్టీ పట్టేవాళ్ళం.

ఇప్పుడు జట్టు ఆఫీసు మా ఫ్రిస్కోలోనే ఉంది కదా, 2016లో వ్యాలీ రాంచ్ నుంచి ఇటొచ్చింది. మనవాళ్ళూ అలాగే అటునుంచి ఇటు జరిగారు. రోజూ ఆఫీసుకి దాని మీదుగానే వెళ్తాను. కొత్త కోచ్ ఎవరో ఇంకా తెలీదు. ఎవరొచ్చినా సరే, పార్సన్స్ కాంట్రాక్ట్ మార్చిలోపే తేల్చమని ఆ దారిలో వెళ్ళేటప్పుడల్లా మొక్కుకుంటున్నాను. మళ్ళీ ఆగస్టు దాకా నాన్చితే నేను తట్టుకోలేను.

అన్నట్టు, నీ రోమో జెర్సీ, తొమ్మిదో నంబరుది, నా అల్మరాలోనే ఉంది. నువ్వు సామాను సర్దేటప్పుడు ఉతికి ఆరేసి మర్చిపోయావు. ఆఖరి ఆట రోజు చిన్నోడు అది వేసుకున్నాడు, మోకాళ్ళ దాకా వచ్చింది. వచ్చే నెల మా బావమరిది వస్తున్నాడు అక్కడికి. ఇచ్చి పంపించనా, చిన్నోడి దగ్గరే ఉంచనా?

నీ
బాబ్జీ