అత్తయ్య ఇంటి కిటికీలు

సఖినేటిపల్లి

బావా,

నీ ఉత్తరం మొన్న చేరింది. మలికిపురం ఇంటికి పాత కిటికీలు తీయించి యూపీవీసీవి (గట్టి ప్లాస్టిక్ చట్రంవి) పెట్టిస్తున్నావని, వాటికి తాళం పడే హ్యాండిళ్లు కావాలని రాశావు. ఈ విషయంలో నన్ను అడిగి మంచి పని చేశావు. హైదరాబాద్‌లో కొనుక్కొచ్చి ఇక్కడ బిగిస్తే ఏమవుతుందో మా ఇంట్లో కళ్లారా చూశాను.

మూడేళ్ల క్రితం మేము వేయించిన హ్యాండిళ్లు బంగారు రంగువి, చూడముచ్చటగా ఉండేవి. మొదటి వేసవి దాటేసరికి దక్షిణం వైపు కిటికీల మీద ఆవగింజంత బుడిపెలు లేచాయి. గోటితో గిల్లితే పూత పెచ్చుగా ఊడి వచ్చింది, కింద తెల్లటి పొడి. లోపలిది జింకు మిశ్రమంతో పోత పోసిన సరుకు. పూత బాగున్నన్నాళ్లు దానికి ఏమీ కాదు. పూత ఎక్కడ చిట్లితే అక్కడి నుంచి ఉప్పుగాలి తినేస్తుంది. హ్యాండిల్ కంటే ముందు మరలు పోయాయి. మామూలు ఇనుప మరలకు పైపైన పూత వేసినవి కాబోలు, తుప్పు నీరు కారి తెల్లటి చట్రం మీద గోధుమరంగు చారలు పడ్డాయి. ఉత్తరం వైపు కిటికీలకు అవే హ్యాండిళ్లు ఇప్పటికీ కొత్తవాటిలా ఉన్నాయి. సరుకు ఒక్కటే, గాలి వేరు.

అందుకని మీ ఇంటికి స్టెయిన్‌లెస్ స్టీలు హ్యాండిళ్లే తీసుకో. అందులోనూ 304, 316 అని రెండు రకాలు ఉంటాయి. 316లో మాలిబ్డినం 2 నుంచి 3 శాతం కలుపుతారు, ఉప్పును తట్టుకునేది అదే. దుకాణంలో అయస్కాంతం పెట్టి చూపించి "అంటుకోలేదు కదండీ, అసలు సరుకు" అంటారు. ఆ పరీక్షతో 304కీ 316కీ తేడా తెలియదు, మామూలుగా రెండూ అంటుకోవు. బిల్లు మీద 316 అని రాయించుకో. మరలు కూడా స్టెయిన్‌లెస్‌వే అడుగు. అన్ని గదులకూ అంత ఖరీదు పెట్టలేకపోతే సముద్రం వైపు కిటికీలకైనా పెట్టు, మిగతావాటికి మంచి పూత ఉన్నవి సరిపోతాయి.

ఇక లోపలి సంగతి. హ్యాండిల్ వెనక నుంచి చదరపు కడ్డీ ఒకటి బయటికి వస్తుంది, దాన్ని స్పిండిల్ అంటారు. సాధారణంగా అది 7 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. హ్యాండిల్‌ను బిగించే రెండు మరల మధ్య దూరం 43 మిల్లీమీటర్లు. ఈ రెండూ చాలా కంపెనీలకు ఒకటే. తేడా వచ్చేది కడ్డీ పొడవులో. పొట్టిదైతే లోపలి గేరును సరిగా అందుకోదు, కొన్నాళ్లకు హ్యాండిల్ ఊరికే తిరుగుతుంది. పొడవైతే హ్యాండిల్ చట్రానికి ఆనుకోదు. హ్యాండిల్‌ను అడ్డంగా తిప్పి, అడుగున ఉన్న మూతను పక్కకు జరిపితే మరలు కనిపిస్తాయి. విప్పి కొలవడం ఐదు నిమిషాల పని.

దోమల జాలీ మాట నువ్వు రాయలేదు. మన ఊళ్లో జాలీ లేని కిటికీ ఎక్కడుంది? రెక్కలు బయటికి తెరుచుకుంటే జాలీ లోపలి వైపు ఉంటుంది, హ్యాండిల్ ఆ రెండింటి మధ్య ఇరుక్కుంటుంది. మా పెరటి గదిలో తాళంచెవి హ్యాండిల్‌కు ఉంటే జాలీ తలుపు పడదు. హ్యాండిల్ చట్రం నుంచి ఎంత ముందుకు వస్తుందో, తాళంచెవి పెడితే ఇంకెంత వస్తుందో చూసుకున్నాకే జాలీకి కొలతలు ఇవ్వు.

మధ్యలో ఒకే చోట పట్టే గడియ వద్దు బావా. హ్యాండిల్ తిప్పితే పైనా కిందా కూడా పట్టుకునే రకం తీసుకో. 1996 నవంబరు 6 తుపాను రాత్రి నీకు గుర్తుండే ఉంటుంది. మీ హాల్లోనే ఉన్నాం అందరం. తూర్పు కిటికీకి నడుమ గడియ పడే ఉంది, అయినా గాలి కొట్టినప్పుడల్లా రెక్క పైమూల విల్లులా వంగి, ఆ సందులోంచి నీళ్లు కొరడాతో కొట్టినట్టు లోపలికి వచ్చేవి. మామయ్య, మా నాన్న మంచం నిలబెట్టి తెల్లవార్లూ దానికి వీపులు ఆనించి కూర్చున్నారు. తెల్లారి చూస్తే తోటలో నిలబడిన కొబ్బరిచెట్టు కనపడలేదు. తుపాను నుంచి హ్యాండిల్ ఒక్కటే ఇంటిని కాపాడుతుందని నేను అనను, అద్దం, గోడలో చట్రం బిగింపు కూడా గట్టిగా ఉండాలి. కానీ ఆ పైమూల వంగడం నేను మరిచిపోలేదు.

తాళంలో రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకదానిలో వేయడానికీ తీయడానికీ తాళంచెవి కావాలి. రెండోదానిలో బొత్తం నొక్కితే తాళం పడుతుంది, తీయడానికి మాత్రమే తాళంచెవి. అత్తయ్యకు రెండోది నయం. ఆవిడ వేళ్ల నొప్పులతో రాత్రిపూట పది కిటికీలకు చెవి పెట్టి తిప్పలేదు. కొనేముందు ఒక నమూనా తీసుకెళ్లి ఆవిడ చేతికివ్వు. ఆవిడ తిప్పగలిగిందే మీ ఇంటికి పనికొస్తుంది. అన్ని కిటికీలకూ ఒకే తాళంచెవి వచ్చేలా చెప్పు. ఒకే కంపెనీ హ్యాండిళ్లకు చాలాసార్లు ఒకే చెవి పడుతుంది కాబట్టి, ఈ తాళాన్ని నమ్ముకుని గ్రిల్లు తీసేయకు.

గ్రిల్లు అంటే గుర్తొచ్చింది, ఇది మాత్రం తప్పకుండా చెయ్యి. అత్తయ్య పడుకునే గదిలో ఒక కిటికీ గ్రిల్లు లోపలి నుంచి తెరుచుకునేలా చేయించు. నిప్పు అంటుకున్నా, వరద నీళ్లొచ్చి తలుపు పట్టేసినా మనిషి బయటపడే దారి ఒకటి ఉండాలి. ఆ కిటికీ తాళంచెవి హ్యాండిల్‌కే వదిలేయకూడదు, ఎక్కడో బీరువాలోనూ దాచకూడదు. బయటి నుంచి చెయ్యి పెడితే అందనంత దూరంలో, మంచం మీద నుంచి లేచి చీకట్లో తడిమితే దొరికేలా మేకుకు తగిలించు. పనిమనిషితో సహా ఇంట్లో అందరికీ ఆ మేకు తెలియాలి. మేడ మీద గదిలో సంక్రాంతికి మా కోడలు పిల్ల ఎగురుతుంది కదా, అక్కడ తాళంతో పాటు రెక్క 10 సెంటీమీటర్లకు మించి తెరుచుకోకుండా ఆపే పట్టీ కూడా వేయించు. గాలి వస్తుంది, పిల్ల పడదు.

వరండా వైపు జరిపే కిటికీలకు ఈ హ్యాండిళ్లు పనికిరావు, వాటి గడియ వేరు. వాటిలో చూడాల్సింది రెక్కకూ పై పట్టాకూ మధ్య ఖాళీ. ఎక్కువ ఉంటే గడియ పడి ఉన్నా రెక్కను పైకెత్తి ఊడదీయవచ్చు. ఆ ఖాళీలో అడ్డుముక్క పెట్టమను.

సంరక్షణ పెద్ద పనేమీ కాదు, క్రమం తప్పకపోతే చాలు. నెలకోసారి సబ్బునీళ్లలో ముంచిన మెత్తటి గుడ్డతో తుడిచి, మంచినీళ్లతో కడిగి, పొడిగా తుడవాలి. బోరు నీళ్లు వద్దు, మన వైపు బోరులో ఉప్పు ఎక్కువ, కడిగినట్టే ఉంటుంది కానీ ఉప్పు పూసినట్టవుతుంది. స్టీలు మీద పలచని టీ మరకల్లాంటివి కనపడితే అప్పుడే తుడిచేయాలి. గిన్నెలు తోమే ఇనుప పీచు పెట్టి రుద్దకూడదు, ఆ పీచు రేణువులు అక్కడే ఉండిపోయి తుప్పు పడతాయి. బ్లీచింగు నీళ్లు అసలే వద్దు.

అత్తయ్య గడియ బిగుసుకుంటే కొబ్బరినూనె వేస్తుంది, మా అమ్మా అంతే. ఇంట్లో పండే నూనె కదా, చెయ్యి అటే పోతుంది. కానీ అది కొన్నాళ్లకు దుమ్ము పట్టి జిగురవుతుంది. మా వంటింటి కిటికీ తాళంలోంచి పుల్లతో గీకితే నల్లటి ముద్ద వచ్చింది. తాళంచెవి రంధ్రంలో ఏ నూనే వేయకూడదు. పెన్సిల్ ములుకును చెవి పళ్ల మీద బాగా రుద్ది, పెట్టి నాలుగుసార్లు తిప్పితే చాలు. రెక్క అంచున కదిలే భాగాలకు కుట్టుమిషను నూనె ఏడాదికి రెండు చుక్కలు, వానలు మొదలయ్యే ముందు ఒకసారి, కార్తీకంలో ఒకసారి. హ్యాండిల్ బలవంతంగా తిప్పాల్సి వస్తోందంటే తప్పు హ్యాండిల్‌ది కాదు, రెక్క జారి ఉంటుంది. మడతబందు సరిచేయించాలి. అలాగే లాగుతూ పోతే మెడ దగ్గర విరుగుతుంది.

మొదటి కిటికీ బిగించగానే స్పిండిల్ పొడవు, జాలీకి ఉన్న ఖాళీ కొలిచి నాకు ఫోను చెయ్యి. ఆదివారం పంటు (రేవు పడవ) మీద గోదావరి దాటి నరసాపురం వెళ్లే పని ఉంది, రెండు మూడు దుకాణాల్లో 316 ధర అడిగి, ఒక నమూనా అత్తయ్యకు చూపించి వస్తాను. చెల్లాయిని అడిగానని చెప్పు.

నీ బావ