మిద్దెతోట మిరప: 2024-25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సంఘం పనుల్లో ముందు చెప్పాల్సింది మిద్దె మీద పెంచిన మిరప గురించే. జూన్‌లో నారు పోసి, 40 రోజులకు కుండీల్లోకి మార్చాం. దసరాకి పచ్చిమిర్చి చేతికొచ్చింది. ఆకుముడత బాగా ఇబ్బంది పెట్టింది. లీటరు నీళ్లకు 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగు తడిసేలా కొట్టాం. ముడత తెచ్చే తామర పురుగు ఉండేది అక్కడే. మరీ ముడుచుకుపోయిన మొక్కల్ని పీకేయక తప్పలేదు.

కొన్ని చెట్ల కాయలు కోయకుండా పండనిచ్చాం. సంక్రాంతి దాటాక అందరం కలిసి పండుమిర్చి పచ్చడి పట్టాం. మొదటి జాడీ బూజు పట్టింది. తప్పు మాదే. తొడిమలు తీసేసి కడిగాం, నీళ్లు కాయ లోపలికి దిగాయి. రెండోసారి తొడిమతోనే కడిగి, గుడ్డతో తుడిచి, రాత్రంతా నీడన ఆరబెట్టాం. తడి పూర్తిగా పోయాకే తొడిమలు తీశాం. కిలో పండుమిర్చికి పావుకిలో చింతపండు, పావుకిలో ఉప్పు. కచ్చాపచ్చాగా దంచి, మధ్యలో చింతపండు పెట్టి జాడీకెత్తాం. మూడో రోజు మెంతిపొడి వేసి మెత్తగా రుబ్బాం. ఆ జాడీ ఇప్పటికీ బాగుంది. తినే రోజు కాస్త తీసుకుని ఇంగువ పోపు పెట్టుకుంటే వేడన్నంలోకి ఇంకేమీ అక్కర్లేదు.

పిల్లలకు, పెద్దవాళ్లకు ఘాటు పడదని కొందరు అన్నారు. ఘాటు ఎక్కువగా ఉండేది గింజల్లో కాదు, అవి అంటుకునే తెల్లటి ఈనెలో. కూరకు తరిగేటప్పుడు దాన్ని తీసేస్తే చాలు. నోరు మండితే నీళ్లతో తగ్గదు, పెరుగో మజ్జిగో తీసుకోవాలి. కాయలు చీల్చేముందు చేతులకు నూనె రాసుకోవడం మర్చిపోకండి.

మార్చి ఎండల్లో చల్ల మిరపకాయలు కూడా పెట్టాం. గాటు పెట్టిన కాయల్ని ఉప్పు కలిపిన పుల్లమజ్జిగలో మూడు రోజులు ఊరబెట్టాలి. ఆ తర్వాత పగలు ఎండ, రాత్రి మళ్లీ మజ్జిగ. మజ్జిగంతా ఇంకిపోయాక గలగలలాడేలా ఎండాలి.

జమాఖర్చులు నోటీసు బోర్డులో పెట్టాం.

2025లో భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) పొందిన వరంగల్ చపాటా రకం మిరపను వచ్చే ఏడాది వేద్దామని ఉంది. దానికి రంగెక్కువ, కారం తక్కువ, పచ్చడికి బాగుంటుంది. నారు కావాల్సినవారు మృగశిర కార్తెలోపు పేరు రాయించండి.